లోపలికి పదకొండు నెలలు, బయటికి తొమ్మిది: నా అనుభవం

2023 నవంబర్ మొదటి వారంలో రొయ్యల గుంటల మీద నైట్ డ్యూటీకి చేరాను. నెల్లూరు జిల్లా విడవలూరు వైపు, సముద్రానికి దగ్గర. జీతం 14,000, రాత్రి భోజనం ఓనరు ఇంటి నుంచి క్యారేజీ. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్న నాకు అది మంచి ఉద్యోగమే. రాత్రి మేత వేయడం, మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలు లేపి చూడటం, కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వేయడం, అంతే పని. కానీ తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగితే, మనం నిద్రపోతే, పొద్దున్నే సరుకంతా పైకి తేలుతుంది. అందుకని కన్ను మూయకూడదు. పలకరించే మనిషి ఉండడు. ఏరియేటర్ల చప్పుడు, చేతిలో ఫోను. ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, వాట్సాప్ గ్రూపుల వెంట ముస్లింల మీద ద్వేషంలోకి నేను జారిపోయిందంతా ఆ వేళల్లోనే, ఆ గట్టు మీదే జరిగింది.

ఆ నెల 19న ప్రపంచకప్ ఫైనల్ ఓడిపోయాం. ఆ రాత్రి ఎవరో పంపిన లింకుతో ఒక క్రికెట్ వాట్సాప్ గ్రూపులో చేరాను. బాధతో అందరూ ఏదేదో రాస్తున్నారు, నేనూ రాశాను. ఒంటిగంట దాటాక ఒకాయన విడిగా మెసేజ్ పెట్టాడు: "తమ్ముడూ, ఇంకా మేలుకునే ఉన్నావా? తిన్నావా?"

నన్ను ఆ వేళప్పుడు ఆ మాట అడిగిన మనిషి అప్పటిదాకా లేడు.

రెండు నెలలు మేం మాట్లాడుకున్నది క్రికెట్, ఉద్యోగాలు, మా నాయన ఆరోగ్యం. నాయనకు 2022లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆ అన్న మందుల పేర్లు అడిగి గుర్తుపెట్టుకునేవాడు. సంక్రాంతికి ముందు ఫిజియోథెరపీకని ఫోన్‌పేలో వెయ్యి రూపాయలు పంపాడు. నేను అడగలేదు. ఆయన ఊరేదో నాకు ఈ రోజుకీ తెలియదు, మొహం కూడా చూడలేదు. అయినా సొంత అన్న కన్నా ఎక్కువ అనుకున్నాను.

జనవరి ఆఖర్లో నన్ను ఇంకో చిన్న గ్రూపులో వేశాడు. 38 మందిమి. "మన పిలకాయలే, భయపడబాకు" అన్నాడు. అక్కడ మొదట వచ్చినవన్నీ జోకులు, ముస్లింల మీద. మొదటి రోజు నాకు నచ్చలేదు, గమ్మునున్నాను. నాలుగో రోజు ఒకదానికి నవ్వు గుర్తు పెట్టాను, అందరూ పెట్టారు కాబట్టి. ఒకసారి నవ్వాక తర్వాత వచ్చిన దానికి "ఇది తప్పు" అనడానికి నోరు రాదు. జోకుల తర్వాత భయపెట్టే మాటలు వచ్చాయి: ఫలానా చోట ఇలా జరిగింది, రేపు మన ఊళ్లో జరుగుతుంది, నీ చెల్లెలికి జరుగుతుంది. భయం తర్వాత పనులు అప్పగించారు. రాత్రికి ఐదు గ్రూపుల్లో షేర్ చేయాలి. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు పడుతుంది, దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ గుర్తు పడకుండా వీడియోను ఫోనులోకి దించుకుని కొత్తదానిలాగా పంపమని నేర్పించారు. అలా చేస్తే చూసేవాళ్లు అది నేనే తీసిన వీడియో అనుకునేవాళ్లు. దానికి నేను సిగ్గుపడకపోగా గర్వపడ్డాను. "తమ్ముడు ఒక్కడే వందమంది పెట్టు" అని గ్రూపులో రాస్తే రాత్రంతా ఆ మెసేజ్ తెరిచి చూసుకున్నాను. డిగ్రీ చదివిన మూడేళ్లలో నన్ను ఎవరూ అంత పొగడలేదు.

చాలామంది నన్ను, ఏ వాదన విని మారిపోయావని అడుగుతారు. నేను వాదన ఏదీ వినలేదు. ముందు మనుషులు దొరికారు. వాళ్లు నమ్మేది నేను నమ్మకపోతే ఆ మనుషులు పోతారని భయపడి, నమ్మినట్టే ఉన్నాను. కొన్నాళ్లకు నిజంగానే నమ్మాను. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

ఈ పదకొండు నెలల్లో నేను ఆ గ్రూపుల్లోకి చేర్చినవాళ్లు పదకొండు మంది. మా మేనత్త కొడుకు, నాతో చదివిన ముగ్గురు, పక్క గుంటల మీద కాపలా ఉండే కుర్రాళ్లు. వాళ్లను నేను ఎలా చేర్చానో చెప్తే మీకే అర్థమవుతుంది. రాత్రి ఫోన్ చేసి "తిన్నావా రా?" అని అడిగేవాణ్ణి.

ఇక మా అమ్మ సంగతి. నెల్లూరు, ప్రకాశం వైపు హిందువుల ఇళ్లల్లో మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి అనే పేర్లు ఊరికి నలుగురికైనా ఉంటాయి. కసుమూరు మస్తాన్‌వలి దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిలకాయలకు పెట్టుకునే పేర్లవి. మా అమ్మదీ అలాంటి పేరే. 2024 మేలో రేషన్ కార్డు పని మీద ఒక కాగితం ఫోటో గ్రూపులో పెట్టి సలహా అడిగాను. ఎవరో పేరు చూసి "ఇదేంది?" అన్నారు. ఆ రాత్రి రెండు గంటలు మా అమ్మ పేరు మీద చర్చ జరిగింది. నేను ఒక్క మాట కూడా అమ్మ తరఫున అనలేదు. పైగా "మారుస్తాను" అని రాశాను.

ఆ ఏడాది రొట్టెల పండగ జులై 17న మొదలైంది. నెల్లూరులో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో, కోరిక తీరినవాళ్లు రొట్టె వదులుతారు, ఆ కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. ఇచ్చేదెవరు, తీసుకునేదెవరు, ఏ మతం అని ఎవరూ అడగరు. నాయన పడిపోయిన ఏడాది అమ్మ ఆరోగ్య రొట్టె పట్టింది. ఆయన లేచి నడిచాక ఏటా వెళ్లి వదిలి వస్తోంది. ఆ పొద్దున ఆమె పెనం మీద రొట్టెలు కాలుస్తుంటే, బండి మీద తీసుకుపోనని చెప్పాను. ఎందుకని అడిగింది. చెప్పాను, గ్రూపులో చదివినవన్నీ. అమ్మ అట్లకాడ పక్కన పెట్టి కాసేపు నా మొహం చూసి, "ఇవన్నీ నీకు చెప్పినోళ్లు మీ నాయనకు ఒక పూట అన్నం కలిపి పెట్టారా?" అంది. వెయ్యి రూపాయలు పంపారని అరిచాను. ఆమె మారు మాట్లాడకుండా రొట్టెలు గుడ్డలో చుట్టుకుని బస్సుకు పోయింది.

రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. చీర కొంగు చివర ముడిలో నాకోసం రొట్టె ముక్క ఉంది. చెరువు నీళ్లకు తడిసి మెత్తబడింది, అంచులకు బెల్లం అంటుకుని ఉంది. ఉద్యోగం రొట్టె. ఎవరో ఉద్యోగం వచ్చిన అమ్మాయి వదులుతుంటే నా కోసం పట్టిందట. దాన్ని తీసుకుని వాకిట్లో కుక్కకు వేశాను, అమ్మ చూస్తుండగానే. డ్యూటీకి పోయి ఆ సంగతి గ్రూపులో రాశాను. 27 మంది మెచ్చుకున్నారు.

2024 అక్టోబర్ 5, శనివారం రాత్రి. ఎక్కడిదో పాత వీడియో ఒకటి వచ్చింది, పండ్ల వ్యాపారి పండ్ల మీద ఉమ్ముతున్నాడని. దానికి నా గొంతుతో 40 సెకన్ల మాట కలిపి, ఇది మా సెంటర్లో బండి అని, నేను కళ్లారా చూశానని చెప్పి మా మండలం గ్రూపులన్నింటికీ పంపాను. పంపమని అన్న అన్నాడు నిజమే. "కళ్లారా చూశాను" అన్న మాట మాత్రం ఎవరూ చెప్పమనలేదు, నా అంతట నేనే కలిపాను.

సెంటర్లో పండ్ల బండి ఒక్కటే. మేం బాయ్ అని పిలిచే ఆ ముస్లిం వ్యాపారి దగ్గర నేను చిన్నప్పటి నుంచీ అరటిపండ్లు కొన్నాను. మూడు రోజులు ఆయన బండి దగ్గరకు ఎవరూ పోలేదు. దసరా వారం కదా, అరటిగెలలు ఎక్కువే దించుకున్నాడు. మంగళవారం సాయంత్రం నేను అటుగా బండి మీద పోతూ చూశాను. గెలలన్నీ నల్లబడి ఈగలు ముసురుతున్నాయి, ఆయన గోనెపట్టా కప్పుతున్నాడు. చూసి కూడా నాకు ఏమీ అనిపించలేదు. ఈ వాక్యం రాయడానికే నాకు ఎక్కువ సేపు పట్టింది.

ఆ రాత్రే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. అక్టోబర్ 9 పొద్దున పదిన్నరకు వెళ్లాను. ఇలాంటి దానిలో ఇరుక్కున్నవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం జరిగింది జరిగినట్టు చెప్తాను. మతాల మధ్య ద్వేషం పెంచినందుకు కొత్త చట్టం (భారతీయ న్యాయ సంహిత) 196 సెక్షన్ కింద కేసు కట్టారు, ఇదివరకు 153ఏ అనేవాళ్లు. మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. వెంటనే లోపల వేస్తారనుకున్నాం, వేయలేదు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో పిలిచినప్పుడు హాజరు కావాలని నోటీసు ఇచ్చి పంపుతారు, నాకూ అలాగే ఇచ్చారు. ఫోన్ తీసుకుని, కవర్లో పెట్టి, నా ఎదురుగా సీల్ వేసి సంతకం పెట్టించుకున్నారు. సాయంత్రం నాలుగున్నరకు బయటికి వచ్చాను. నన్ను ఎవరూ కొట్టలేదు. ఒక హెడ్ కానిస్టేబుల్ మాత్రం "మీ అమ్మ పేరు రాయి" అని కాగితం ఇచ్చి, నేను రాశాక ఆ పేరు చూసి, నన్ను చూసి, తల తిప్పుకున్నాడు.

బయటికి రాగానే మా నాయన ఫోన్‌లో నుంచి ఆ అన్నకు కాల్ చేశాను, నంబరు నోటికి వచ్చు. విషయం చెప్పాను. "సరే తమ్ముడూ, నేను చూసుకుంటా" అన్నాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మేనత్త కొడుకు ఆ గ్రూపులోనే ఉన్నాడు కదా, వాడు చెప్పాడు: నా ఫోన్ కాల్ అయిన ఇరవై నిమిషాలకే నన్ను గ్రూపులోంచి తీసేశారట. కారణం కూడా రాయలేదట. వాళ్లలో ఒక్కడు కూడా మా ఇంటికి ఫోన్ చేయలేదు.

మర్నాడు ఓనరు రావద్దన్నాడు. తొమ్మిది రోజుల జీతం లెక్కకట్టి ఇచ్చాడు, 4,200.

కేసు కాకుండా బైండోవర్ అని ఇంకొకటి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో 107 సెక్షన్, దాని బదులు వచ్చిన చట్టంలో 126. ఎమ్మార్వో ముందు హాజరై, ఏడాది పాటు ఏ గొడవకూ పోనని బాండు రాసివ్వాలి. నాకు 50,000కు రాయించారు. ఆ డబ్బు కట్టాలేమోనని అమ్మ గాజులు తీసి పెట్టింది. కట్టక్కర్లేదు. మాట తప్పితేనే కట్టాలి. కానీ ఇద్దరు జామీనుదారులు కావాలి, ఆధార్, ఫోటోలు, పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సులతో. ఒకరు మా మేనమామ. రెండోవాళ్లు తొమ్మిది రోజులు దొరకలేదు. నేను అడిగినవాళ్లలో నా మెసేజ్‌లు రోజూ చదివి లైకులు కొట్టినవాళ్లూ ఉన్నారు. "ఇంట్లో ఒప్పుకోరు రా" అన్నారు.

చివరికి మా ఊరి రిటైర్డ్ టీచరు ఒప్పుకున్నారు. నేను అడగలేదు, అమ్మ అడిగింది. అక్టోబర్ 21న ఎమ్మార్వో ఆఫీసులో పదిన్నర నుంచి నాలుగుంబావు దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నన్ను తిడతారనుకున్నాను. ఆయన తన తొలి రోజుల ఉద్యోగం సంగతి చెప్పారు. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు కలిగిరి వైపు రాత్రి బడి నడిపేవారట. పగలంతా పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు దీపం కింద పాఠం చదివేవాళ్లు. సారా వల్ల ఇల్లు గుల్లవుతుందన్న పాఠం చదివి, ఇది మన కథే కదా అని దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ మాట ఊరి నుంచి ఊరికి పాకి, 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

"ఆ మాట కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నదే కదా సార్, మరి తేడా ఏంది?" అని అడిగాను. నిజంగానే తెలియక అడిగాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "వాళ్లు చెప్పింది వాళ్ల ఇంట్లో జరిగింది. కళ్లారా చూసింది" అన్నారు. "పొద్దున పూట, అందరూ చూస్తుండగా అంగడి ముందు నిలబడి చెప్పారు. ఒకామెను కొడితే మిగతా వాళ్లంతా వచ్చారు." ఇంకేమీ అనలేదు. నాకోసం ఎవరు వచ్చారో లెక్కపెట్టుకోవడానికి నాకు రెండు వేళ్లు చాలు.

అప్పటికి నేను మారిపోయానని అనుకోకండి. గ్రూపు పోయింది గానీ నమ్మకం పోలేదు. ఇంకా చెప్పాలంటే, వాళ్లు నన్ను వదిలేసింది కూడా నా తప్పేనని, పోలీసులకు దొరికిపోయానని బాధపడ్డాను. ఫోన్ లేదు, 1,400 పెట్టి కీప్యాడ్ ఫోన్ కొన్నాను. రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చేది, చెయ్యి దిండు కింద ఫోన్ కోసం వెతికేది. ఆరు కిలోలు తగ్గాను. నవంబర్ 14న రాత్రి 14416కు చేశాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీమానస్ అంటారు, ఏ వేళైనా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పాను, కేసు సంగతి దాచాను. ఇరవై నిమిషాలు విన్నాక అవతలామె "ఎవరైనా దూరమయ్యారా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాను.

వాళ్లు చెప్పిన ప్రభుత్వ ఆసుపత్రికి 18న వెళ్లాను. ఓపీలో మూడు గంటలు పట్టింది, డబ్బులేమీ తీసుకోలేదు. డాక్టర్ నిద్రకు పది రోజుల మందులు రాసి కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరకు పంపారు. ఏప్రిల్ దాకా ఎనిమిదిసార్లు పోయాను. బస్సుకు, టీకి కలిపి ప్రతిసారీ 150 దాకా అయ్యేది. నేను నమ్మేవి తప్పని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే రెండోసారి పోయేవాణ్ణి కాదు, వాదనకు నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉండేవి. రాసుకు రమ్మంది. నేను నమ్మేవాటిని ఒక్కొక్కటిగా రాసి, పక్కన మూడు గడులు: ఎవరు చెప్పారు, ఏ వేళప్పుడు, నేను స్వయంగా చూసిందేంటి.

గుంటల మీద వాడిన మేత రిజిస్టరులో ఖాళీ పేజీలు ఉన్నాయి, వాటిలో రాశాను. ఎడమవైపు నా చేతిరాతతోనే మేత లెక్కలు, రాత్రి టైములు ఉన్నాయి. నవంబర్ ఆఖర్లో ఫెంగల్ తుపాను వానలు, బయటికి పోయే పని లేదు, మూడు రోజులు రాశాను. 31 వచ్చాయి. మొదటి గడిలో తిప్పి తిప్పి నలుగురి పేర్లే. రెండో గడిలో గుర్తున్నంత వరకు అన్నీ రాత్రి పదకొండు, మూడు మధ్య. మూడో గడిలో 29 ఖాళీ. నింపిన రెండూ నేను చూసినవి కావు. చూశానని జనానికి చెప్పినవి. చెప్పీ చెప్పీ చూసినట్టే గుర్తుండిపోయాయి. అందులో ఒకటి పండ్ల బండి. ఆ బాయ్ ఉమ్ముతున్నట్టు నా కళ్ల ముందు బొమ్మ కనపడేది. అది నేను తయారుచేసిన బొమ్మ.

ఆ పేజీ చూసి లేచిపోయి వాంతి చేసుకున్నాను. అమ్మ వీపు నిమిరింది. ఏమైందని అడగలేదు.

2025 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పండ్ల బండి దగ్గరకు పోయాను. కూలికి పోయి కూడబెట్టిన 6,500 జేబులో ఉన్నాయి. "బాయ్, ఆ వాయిస్ నాదే, అబద్ధం చెప్పాను" అన్నాను. ఆయనకు ముందే తెలుసు, ఊరందరికీ తెలుసు. డబ్బు బండి మీద పెట్టాను. ఆయన తీసుకుని, వేలు తడుపుకుని లెక్కపెట్టి, ఐదు వందలు తిరిగి ఇచ్చాడు. "ఆరు వేలే పోయింది" అన్నాడు. క్షమించాననలేదు. తర్వాత వచ్చినామెకు కమలాలు తూచడం మొదలుపెట్టాడు. నేను ఇప్పుడూ అక్కడే పండ్లు కొంటాను. రేటు చెప్తాడు, తూచి ఇస్తాడు, నా మొహం చూడడు. చూడాలని అడిగే హక్కు నాకు లేదు.

నేను చేర్చిన పదకొండు మంది దగ్గరకూ పోయాను, ఒక్కొక్కరి దగ్గరకు విడిగా. మేడమ్ ఇచ్చిన సలహా ఒక్కటే: వాదించొద్దు, తిన్నారా అని అడుగు, మళ్లీ వారం మళ్లీ పో. ఆరుగురు బయటికి వచ్చారు. ముగ్గురు వచ్చామంటారు, నాకు నమ్మకం లేదు. ఒకడు హైదరాబాద్ పోయాడు. మేనత్త కొడుకు నన్ను చూస్తే ఇంట్లోకి పోయి తలుపేసుకుంటాడు. వాణ్ణి మొదట పిలిచింది నేనే.

ఖర్చు ఇప్పటిదాకా: లాయరుకు 8,000, ఫోన్ వెనక్కి రావడానికి వేసిన పిటిషన్‌కు 3,000, కాగితాలకూ తిరుగుళ్లకూ ఇంకో మూడు వేల పైన, పండ్లకు 6,000. ఏడున్నర నెలల పాటు ఉద్యోగం లేదు. కేసు నడుస్తోంది, వాయిదాకు పోయి సంతకం పెట్టి వస్తున్నాను. బైండోవర్ గడువు 2025 అక్టోబర్ దాకా. 2025 జూన్ నుంచి మేత కొట్టులో పగటి డ్యూటీ, 12,000.

2025 జులై 6, ఆదివారం. అమ్మను బండి మీద నెల్లూరు తీసుకుపోయాను. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉద్యోగం రొట్టె నేను వదిలాను. పట్టుకున్నది బురఖాలో ఒక పెద్దామె, కొడుకు కోసమట. అమ్మ ఇంకో రొట్టె పట్టింది. ఏ కోరికకో అడిగితే చెప్పలేదు.

కోర్టు ద్వారా ఫోన్ జూన్ 24న చేతికి వచ్చింది. నెల కాకముందే, జులై 17 రాత్రి, తెలియని నంబరు నుంచి వాట్సాప్ వచ్చింది. డీపీ లేదు, పేరు లేదు.

"తమ్ముడూ, ఎలా ఉన్నావు? నాయన ఎలా ఉన్నారు? తిన్నావా?"

జవాబు ఇవ్వలేదు. కానీ ఆ నంబరు బ్లాక్ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది.